పుట్టి తోలు మారింది, తెడ్డు మారలేదు



నేను పాఠం చెప్పే బడి కంప్లికి దగ్గరి పల్లెలో ఉంది. బడి నుంచి తుంగభద్ర ఒడ్డుకు నడిచే పోవచ్చు. మా తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సగం మంది కన్నడం మాట్లాడతారు. ఒకనాడు నీటి మీద ప్రయాణ సాధనాల పాఠం వచ్చింది. పుస్తకంలో ఓడ ఉంది, స్టీమరు ఉంది, తెరచాప పడవ ఉంది. "మన ఏట్లో తిరిగేది ఇందులో ఏది?" అని అడిగాను. ఒక అమ్మాయి లేచి "పుట్టి" అంది. ఇంకొకడు "తెప్ప" అన్నాడు. మరొకడు "హరిగోలు" అన్నాడు. ముగ్గురూ చెప్పింది ఒకే వస్తువు గురించి. తెలుగులో తెప్ప అంటే దుంగలు కట్టి చేసింది. మా వైపు కన్నడంలో మాత్రం గుండ్రటి బుట్ట పడవను కూడా తెప్ప అనే అంటారు. సరిహద్దు జిల్లాలో ఉపాధ్యాయుడికి ఇటువంటి చిక్కులు రోజూ ఉండేవే.

వెనక బెంచీలో ఒక పిల్లవాడు మాత్రం నోరు మెదపలేదు. వాళ్ళ నాయన పుట్టి నడిపేవాడే. గంట కొట్టిన తరువాత పిలిచి అడిగితే తల వంచుకుని అన్నాడు: "అది పాత సంచులూ తారూ పూసి చేసింది సార్. చెప్తే అందరూ నవ్వుతారు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పాతదాన్ని మళ్ళీ వాడుకోవడం నిజంగా సిగ్గుపడవలసిన విషయమా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మన ఏటి చరిత్ర కొంత కళ్ళ ముందుకు వచ్చింది. దాన్నే ఈరోజు మీతో పంచుకుంటాను.

సుమారు 1520 ప్రాంతంలో దొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు విజయనగరానికి వచ్చాడు. అది శ్రీకృష్ణదేవరాయల కాలం. తాను చూసినవన్నీ రాసి పెట్టాడు. ఆ రాతను రాబర్ట్ సూయల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి 1900లో ఇంగ్లీషులో ప్రచురించాడు. అందులో ఆనెగొంది రేవు వర్ణన ఉంది. అక్కడి పడవలు బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తపు అల్లిక, బయట తోలు ఉంటాయని పేస్ రాశాడు. ఒక్కొక్క దాంట్లో పదిహేను ఇరవై మంది పడతారట. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా ఎక్కిస్తారట, కానీ ఎక్కువగా అవి ఈదుకుంటూనే దాటతాయట. తెడ్డు వేస్తూ ఉంటే పడవ తిరుగుతూనే ఉంటుందని, తిన్నగా పోదని ఆశ్చర్యపోయాడు. ఏనుగులు, రత్నాలు, రాజవీథులు చూసిన మనిషి కంటికి ఈ బుట్ట కూడా ఆనిందంటే అది చిన్న విషయం కాదు.

ఈ బుట్ట పడవ మన ఒక్కరి సొత్తు కూడా కాదు. ఇరాక్ దేశంలో నినెవె నగరపు శిలాఫలకాల మీద, క్రీస్తుకు పూర్వం ఏడవ శతాబ్దం నాటికే, గుండ్రటి పడవలు చెక్కి ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం ఐదవ శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు బాబిలోను వర్తకుల గురించి ఒక ముచ్చట రాశాడు. వాళ్ళు పైనున్న కొండసీమలో కొమ్మలతో చట్రం అల్లి, తోలు తొడిగి, సరుకుతో పాటు ఒక గాడిదను కూడా ఎక్కించుకుని నది వెంట దిగువకు వచ్చేవారట. సరుకు అమ్మిన తరువాత చట్రాన్ని కూడా అక్కడే అమ్మేసేవారట. తోళ్ళను మాత్రం గాడిద మీద వేసుకుని కాలినడకన ఇంటికి పోయేవారు. ఏటికి ఎదురు తెడ్డు వేయలేరు కదా! మళ్ళీ చట్రం అల్లుకుంటే పాత తోళ్ళే కొత్త పడవ. పాతదాన్ని తిరిగి వాడుకోవడం రెండువేల అయిదువందల ఏళ్ళ కిందటే తెలివిగల వర్తకుల పద్ధతి అన్నమాట.

ఇంగ్లండు పక్కన వేల్స్ సీమలోనూ ఇటువంటి పడవలున్నాయి. అక్కడా మొదట తోలు వాడారు. తరువాత గుడ్డ కప్పి తారు పూశారు. మన వైపు జరిగింది కూడా అదే. ఎద్దు తోలు ఖరీదయ్యేసరికి గోనెపట్టా, తారు వచ్చాయి. తరువాత ఎరువుల సంచులు, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. ఇప్పుడు కొన్ని రేవుల్లో ఫైబర్ గ్లాసుతో అచ్చుపోసిన పుట్లు కూడా తిరుగుతున్నాయి. తోలు ఇన్నిసార్లు మారినా ఆకారం మారలేదు, తెడ్డు వేసే తీరు మారలేదు. పుట్టివాడు తెడ్డును ముందుకు చాచి, నీటిని తనవైపు లాక్కుంటాడు. పక్కన వేస్తే పుట్టి బొంగరంలా తిరుగుతుంది. ఈ పని బెస్తవాళ్ళ ఇళ్ళల్లో తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. కన్నడంలో వారిని అంబిగులంటారు. పన్నెండవ శతాబ్దపు వచనకారుడు అంబిగర చౌడయ్య ఆ వృత్తివాడే.

ఇక మన జిల్లా సంగతి. 1800లో నిజాము బళ్ళారి సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటినుంచి సుమారు నూట యాభై ఏళ్ళు తుంగభద్ర రెండు రాజ్యాల మధ్య గట్టుగా నిలిచింది. ఇవతల మద్రాసు ప్రభుత్వం, అవతల నిజాం ప్రభుత్వం. చుట్టరికాలు మాత్రం రెండు ఒడ్డుల్లోనూ ఉండేవి. ఇవతలి ఆడపడుచు అవతల కాపురం చేసేది. ఒడిబియ్యం, పెళ్ళి సామాను, పండగ పిండివంటలు అన్నీ పుట్టిలోనే దాటేవి. 1947–48లో రజాకార్ల అలజడి రేగినప్పుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని జనం నది దాటి ఇవతలికి వచ్చారు.

1953లో రెండు పెద్ద సంగతులు జరిగాయి. జూలైలో తుంగభద్ర ఆనకట్ట నుంచి కాలువకు నీళ్ళు వదిలారు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. కాలువ నీటి కోసం కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి ఇక్కడ క్యాంపులు వేసుకున్నారు. ఆ క్యాంపులే ఇప్పుడు ఊళ్ళయ్యాయి. ఏరు మాత్రం మునుపటి ఏరు కాదు. ఎప్పుడు గేట్లు ఎత్తుతారో, ఎంత నీరు వస్తుందో పుట్టివాడు ఆకాశాన్ని చూసి చెప్పే రోజులు పోయాయి.

వంతెనలు వస్తే పుట్టి అక్కర లేదు కదా అని మీరు అడగవచ్చు. వంతెన రావలసిందే. పురిటి నొప్పులు పడే తల్లిని ఎవరూ పుట్టిలో దాటించాలని కోరుకోరు. కానీ ఏటికి దాని లెక్క దానికుంది. హంపి, ఆనెగొంది మధ్య కడుతున్న వంతెన 2009 జనవరిలో కూలి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. కంప్లి, గంగావతి దారిలోని వంతెన 2022 జూలై వరదలో మునిగింది. అటువంటి రోజుల్లో పుట్టి దింపడం కూడా ప్రమాదమే. వరద తీశాక మాత్రం చేపల వల వేయడానికైనా, లంక పొలానికి పోవడానికైనా మళ్ళీ పుట్టే దిక్కు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. అమెరికాలో 1960లలో పెద్ద పలక మీద తెరచాప బిగించి, నిలబడి నడిపే ఆట మొదలైంది. దాన్ని విండ్ సర్ఫింగ్ అంటారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ లో దానికి చోటు దొరికింది. మొదటి పలకలు పన్నెండడుగుల పొడవుండేవి. తరువాత చిన్న పలకల మోజు వచ్చి, ఆ పెద్దవి కొట్టాల్లో దుమ్ము కొట్టుకుపోయాయి. 2000 తరువాత హవాయి దీవుల నుంచి ఇంకొక ఆట ప్రపంచానికి పాకింది. పలక మీద నిలబడి పొడవాటి తెడ్డుతో నీటిని తోసుకుంటూ పోవడమే ఆ ఆట. కొత్త పలకలు ఖరీదు. కొందరు ఏం చేశారో తెలుసా? అటక మీది పాత పలక దించి, స్తంభం, తెరచాప పీకేసి, చేత తెడ్డు పట్టుకున్నారు. అంతే, సరిపోయింది!

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రమే. రెండువందల లీటర్ల పరిమాణమున్న పలక పూర్తిగా మునిగితే రెండువందల కిలోల నీటిని తోస్తుంది. పలక బరువు ఇరవై, మనిషి బరువు డెబ్బై అనుకున్నా మొత్తం తొంభయ్యే. అందుకే తేలుతుంది. వెడల్పు ఉంది కనుక మనిషి నిలబడగలడు. తోక కింద చిన్న రెక్క ఉంది కనుక తిన్నగా పోతుంది. మన పుట్టికి ఆ రెక్క లేదు, అందుకే తిరుగుతుంది. రెక్క లేదు కనుకనే బండరాళ్ళ మధ్య జానెడు నీటిలో కూడా తట్టుకోకుండా పోతుంది. దేని గుణం దానిది.

మరునాడు నేను ఈ కథంతా తరగతిలో చెప్పాను. నల్లబల్ల మీద ఒక లెక్క వేశాను. పుట్టి అడుగు బల్లపరుపుగా, రెండు మీటర్ల వ్యాసంతో ఉందనుకుందాం. అది పది సెంటీమీటర్లు మునిగితే ఎంత బరువు మోస్తుంది? పిల్లలు మూడువందల పద్నాలుగు కిలోలని తేల్చారు. అంటే అరవై కిలోల వాళ్ళు అయిదుగురు. "మరి పదిమంది ఎక్కితే?" అన్నాను. "ఇరవై సెంటీమీటర్లు మునుగుతుంది సార్, అంచు ఇంకా పైనే ఉంటుంది, ఏమీ కాదు" అన్నారు అందరూ.

అప్పుడు వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "అవుతుంది సార్. అందరూ ఒక పక్కకు ఒరిగితే అంచు మునిగిపోతుంది. మా నాయన అందరినీ చుట్టూరా కూర్చోబెడతాడు, పిల్లల్ని నడుమ పెడతాడు. నడుమ ఏట్లో ఎవరినీ లేవనివ్వడు. అయిదుగురు కాగానే, డబ్బులిస్తామన్నా ఇంకొకర్ని ఎక్కించడు" అన్నాడు.

నా లెక్కలో లేని మాట అది. నీటి మీద ప్రాణాలు పోయేది చాలాసార్లు ఆ మాట పట్టించుకోకనే. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం "మీ నాయన మమ్మల్ని ఎక్కించుకుంటాడా?" అని అడిగాడు.

శ్రోతలారా, పుట్టి ఎక్కినప్పుడు ఆ పిల్లవాడి మాట గుర్తుంచుకోండి. ప్రాణరక్షక కోటు ఇస్తే ఉక్కగా ఉందని విప్పకండి. గేట్లు ఎత్తారని చాటింపు వేస్తే రేవుకే పోకండి. పుట్టివాడు చాలన్న చోట ఆగండి. అయిదువందల ఏళ్ళ కిందట ఒక పరదేశి మెచ్చి రాసుకున్న విద్య అతని చేతిలో ఉంది. అది అతని బిడ్డకు సిగ్గు కాకుండా చూసే పని మనది.