గోరంత పెళ్ళ

మా మేనల్లుడు కబడ్డీ ఆడుతూ మోకాలు మెలిపడి కూలబడ్డాడు. మొదట చూసిన వైద్యుడు, ఎక్స్‌రేలో ఎముక అంచున గోరంత పెళ్ళ లేచిందనీ, పట్టీ కట్టుకొని విశ్రాంతి తీసుకుంటే చాలుననీ పంపివేశారు. నెల దాటినా కాలు నిలవలేదు. ఎంఆర్ఐ తీయిస్తే మోకాలి నడిమి లిగమెంటు, వైద్యులు ఏసీఎల్ అనేది, తెగిందని తేలింది. నివేదికలో ఆ కింది వరుసలో ‘సెగాండ్ ఫ్రాక్చర్’ అని ఉంది. ఆ పేరు ఎవరిదా అని వెదుకుతూ పోతే 1879 నాటి పారిస్ నగరం చేరుకున్నాను.

పాల్ సెగోఁ (మన వైద్యుల నోట సెగాండ్ అయ్యాడు) అప్పటికి ముప్పయ్యేళ్ళు నిండనివాడు. బెణికిన మోకాలిలో రక్తం ఎందుకు చేరుతుందన్నది ఆయన ప్రశ్న. రాంట్జెన్ ఎక్స్‌రేను కనుగొన్నది 1895లో. కనుక చర్మం కోయకుండా లోపలికి తొంగిచూసే దారి లేదు. సెగోఁ మృతదేహాల మోకాళ్ళను వంచి, కాలిని లోపలివైపుకు బలంగా మెలిపెట్టి, ఆపైన కోసి చూశాడు. టిబియా అనే పెద్ద ఎముక పైభాగంలో, వెలుపలి అంచున, ఒక చిన్న పెళ్ళ ఊడివస్తోంది. దానిని పట్టి లాగుతున్నది ముత్యపు ఛాయ గల గట్టి నారపట్టీ అని వ్రాశాడు. చిత్రమేమంటే, తరువాతి కాలంలో ఆయన పేరు మోగింది మోకాళ్ళ వల్ల కాదు, స్త్రీలకు చేసిన శస్త్రచికిత్సల వల్ల!

ఆ పెళ్ళ విలువ తెలియడానికి నూరేళ్ళు పట్టింది. ఎక్స్‌రేలో అది కనబడితే మోకాలి నిలకడ బాగా దెబ్బతిన్నట్లేనని వుడ్స్, స్టాన్లీ, టల్లోస్ అనే అమెరికా వైద్యులు 1979లో వ్రాశారు. 1980ల నుంచి ఎంఆర్ఐ తెగిన లిగమెంటునే చూపసాగింది. తొడ ఎముకా టిబియా గుద్దుకున్న చోట ఎముక లోపలి కమిలిన మచ్చలను కూడా. అయితే ఒక తిరకాసు ఉంది. ఆ పలుచని పెళ్ళ ఎంఆర్ఐలో తరచు కంటికి ఆనదు, పాత ఎక్స్‌రేలోనే తేటగా కనబడుతుంది.

2013లో బెల్జియంలోని లూవెన్‌లో క్లాస్, బెల్లెమాన్స్ బృందం 41 మోకాళ్ళను కోసి, 40 మోకాళ్ళలో ఒక పట్టీని చూపి యాంటీరోలేటరల్ లిగమెంట్ అన్నది. పత్రికలు కొత్త లిగమెంటు దొరికిందని సంబరపడ్డాయి. ఆ బృందం మాత్రం తమ వ్యాసాన్ని సెగోఁ పేరుతోనే మొదలుపెట్టింది. పెళ్ళను లాగేది ఆ పట్టీయేనా, పక్కనున్న ఇలియోటిబియల్ పట్టీ నారలా అన్న తగవు ఇంకా తెగలేదు.

మేనల్లుడికి శస్త్రచికిత్స అయింది. మొదటి ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, ఆ సన్నని గీత ఇప్పుడు నాకు కూడా కనబడుతోంది.