రోడ్డు బాకీ ఎవరిది?

మన్యంలో రోడ్డు పాడైనప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: "ఊరివాళ్ళే తలా ఒక చెయ్యి వేసి బాగుచేసుకోవచ్చు కదా!" వినడానికి బాగానే ఉంటుంది. కొండచరియ విరిగి దారికి అడ్డం పడితే మనం ఎవరి కోసమూ ఆగం. పార, గునపం పట్టుకుని వెళ్తాం. కానీ తారు లేచిపోయి, కల్వర్టు కూలిపోయిన రోడ్డుకు చందాలు వేసుకోమనడం వేరు. ఆ మాట అనేవాళ్ళకు మన రోడ్ల చరిత్ర తెలియదు. మన పిల్లలకైనా తెలియాలి.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే దారి ఉంది. చలికాలంలో మంచు చూడడానికి కార్లలో వచ్చేవాళ్ళకు అది అందమైన ఘాట్ రోడ్డు. వందేళ్ళ కిందట ఈ కొండల్లో రోడ్డు పనికి మన తాత ముత్తాతలను వెట్టికి తోలారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పని చేయించాడు. ఇవ్వాల్సిన కూలి సరిగా ఇవ్వలేదు. ఒక పక్క 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పేరుతో పోడు మీద ఆంక్షలు, ఇంకో పక్క ఈ వెట్టి. విత్తనం వేసే రోజుల్లో ఇంటి మగమనిషిని రోడ్డు పనికి తోలుకుపోతే ఆ ఏడు ఆ ఇంట్లో ఏం తింటారు? గాం గంటం దొర, గాం మల్లు దొర అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి బాస్టియన్ పెట్టిన బాధలూ ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. పరీక్షల్లో ఈ తేదీలే అడుగుతారు. ఎగ్గొట్టిన కూలి సంగతి ఎవరూ అడగరు.

ఆ రోడ్లు మన సంతల కోసం వేసినవి కావు. కలప కిందికి దిగాలి, అధికారి, పోలీసు పైకి ఎక్కాలి. చెమట మనది, దారి వాళ్ళది. కాబట్టి మన్యం రోడ్లకు మొదటి చెల్లింపు ఎప్పుడో అయిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 23వ అధికరణతో వెట్టిని నిషేధించింది. 275(1) అధికరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల పాలనను మిగతా రాష్ట్రంతో సమానం చేయడానికి కేంద్రం డబ్బు ఇవ్వాలి. అది దయ కాదు, భారత సంచిత నిధి మీద పెట్టిన ఖర్చు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానపు ఊరికి 500 జనాభా కావాలంటే, మన ప్రాంతాల్లో 250 చాలన్నారు. వేసిన రోడ్డును అయిదేళ్ళు కాంట్రాక్టరే చూసుకోవాలి. తర్వాత బాధ్యత రాష్ట్రానిది. అసలు చిక్కు ఇక్కడే. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది. గోతులు పూడ్చడానికి అవేవీ ఉండవు.

"నలభై ఇళ్ళ కోసం అంత ఖర్చా" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ రోడ్డు మీద కలప లారీలు, పర్యాటకుల బస్సులు తిరిగినప్పుడు ఇళ్ళ లెక్క గుర్తుకు రాదు. వానాకాలంలో నెలలు నిండిన ఆడబిడ్డను డోలీలో మోసుకుని గెడ్డ దాటేవాళ్ళనే లెక్క అడుగుతారు. కొన్ని కొండ ఊళ్ళవాళ్ళు సొంత డబ్బుతో జేసీబీ పెట్టి దారి తీసుకున్నారని పేపర్లలో చదివాం. వాళ్ళ తెగువకు దండం పెట్టాల్సిందే. కానీ పసుపు, జీడిపిక్కలు అమ్ముకున్న ఆ డబ్బు పిల్లల చదువుకు దాచుకున్నది. దాన్ని శ్రమదానం అని పొగిడితే, ఇంకో పేరుతో వెట్టి తిరిగి వచ్చినట్టే.

1996 నాటి పెసా చట్టం ప్రకారం పంచాయతీ ఖర్చు పెట్టిన నిధులకు గ్రామసభ ధ్రువీకరణ ఉండాలి. ఇది మన చేతిలో ఉన్న పని. సడక్ యోజన రోడ్ల మొదట్లో బోర్డు ఉంటుంది. దాని మీద ఖర్చు, పని పూర్తయిన తేదీ, అయిదేళ్ళ నిర్వహణ మొత్తం రాసి ఉంటాయి. టీచర్లు ఒక పూట పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి చదివించవచ్చు. ఆ తేదీకి అయిదేళ్ళు కలిపితే ఎవరిని అడగాలో తేలిపోతుంది. ఆ లెక్కను గ్రామసభ పుస్తకంలో రాయించాలి. ధ్రువపత్రం మీద వేలిముద్ర వేయమని ఎవరైనా వస్తే, ముందు వాళ్ళతో కలిసి ఆ రోడ్డు చివరిదాకా నడిచి రావాలి.