పది దోమలు, పదణాలు

బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గరగా ఒక చిన్న రోడ్డు ఉంది. దాని పేరు సర్ రోనాల్డ్ రాస్ రోడ్డు. ఆ రోడ్డు చివర ఉన్నదే మనం చూడవచ్చిన ఆసుపత్రి.

పెద్దదేమీ కాదు. విశాఖలో మన కేజీహెచ్ ఆసుపత్రి చూసిన కంటికి ఇది ఆనదు. నిన్న రాత్రి దువ్వాడలో రైలెక్కి, పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, ఇంత దూరం వచ్చింది దీనికోసమేనా అని మీకు అనిపిస్తే తప్పు లేదు. చార్మినార్ తర్వాత చూద్దాం. ముందు లోపలికి రండి.

పెందుర్తి వాళ్లకు ఈ గడప పరాయిది కాదు. అరకు రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది. కొండ దిగి వచ్చే బస్సుల్లో పసుపు వస్తుంది, అనాస వస్తుంది, పనస వస్తుంది. వానలు పడితే జ్వరాలూ వస్తాయి. మన్యం జ్వరం అనేవారు మన పెద్దలు. ఒళ్లంతా చలి, పళ్లు టకటకా కొట్టుకోవడం, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఆ తర్వాత ఒళ్లు కాలిపోతుంది. ఆపైన చెమట. మళ్లీ రోజు విడిచి రోజు అదే వరస. మందు కొయినా బిళ్ల, కటిక చేదు. కొండగాలి పడలేదనేవారు, కొండనీళ్లు పడలేదనేవారు. దోమ పేరు ఎత్తినవారు లేరు.

ఆ దోమను పట్టిచ్చిన చోటు ఇది.

ఇక ఇది 1897 ఆగస్టు అనుకోండి. ఇది సిపాయిల ఆసుపత్రి. బయట ఎండ. లోపల ఉక్క. చొక్కా వీపుకు అంటుకుపోతోంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు. దాని మీదికి వంగిన మనిషే డాక్టర్ రోనాల్డ్ రాస్. అల్మోరాలో పుట్టిన తెల్లవాడు, వయసు నలభై.

దగ్గరికి వెళ్లి చూడండి. మైక్రోస్కోపు మరలకు తుప్పు పట్టింది. వాన తడికి కాదు, ఆయన నుదుటి నుంచీ చేతుల నుంచీ కారిన చెమటకు. కన్ను పెట్టి చూసే అద్దం పగిలి ఉంది. తల పైన పంకా ఉన్నా వేయించుకోవడం లేదు. గాలి వీస్తే గాజు పలక మీద కోసి పెట్టిన దోమ ఎగిరిపోతుంది. అందుకని ఉక్కలోనే కూర్చుంటారు. కళ్ల చుట్టూ, చెవుల చుట్టూ చిన్న చిన్న ఈగలు ముసురుతున్నాయి. తోలడానికి చెయ్యి ఖాళీ లేదు.

సికింద్రాబాద్ వచ్చిన రెండేళ్లుగా ఆయనకు ఇదే ధ్యాస. మలేరియా క్రిమిని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు మనిషి నెత్తుట్లో చూశాడు. మరి అది ఒంట్లోకి ఎలా దూరుతుంది? దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది అని లండన్‌లో మాన్సన్ అనే పెద్దాయన ఊహ. రాస్ గురువు ఆయనే. రాస్ ఆ నీళ్లు మనుషుల చేత తాగించి కూడా చూశారు. తేలలేదు. బూడిదరంగు దోమలు, చారల దోమలు లెక్క లేనన్ని కోశారు. వాటిలోనూ ఏమీ దొరకలేదు. వెతికే పద్ధతి సరైనదే, వెతుకుతున్న దోమే వేరు.

ఆగస్టు నడుమ కొత్త రకం చేతికి వచ్చింది. పనివాళ్లు సీసాలో తెచ్చిన నీటి పురుగుల్లోంచి గోధుమరంగు దోమలు పుట్టాయి. రెక్కల మీద మచ్చలు. గోడ మీద వాలితే తోక పైకెత్తి కూర్చునే రకం. దాని పేరేమిటో రాస్‌కు తెలియదు. మచ్చల రెక్కల దోమ అని రాసుకున్నారు. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నది దాన్నే.

ఇప్పుడు ఇటు తిరగండి. మంచం మీద హుసేన్ ఖాన్ ఉన్నాడు. నెత్తుటి నిండా మలేరియా. ఆగస్టు 16. అతని చుట్టూ దోమతెర కట్టారు, అందులోకే దోమల్ని వదిలారు. దోమతెర లోపల మనిషి, ఆ లోపలే దోమలు! మన ఇళ్లలో జరిగే దానికి తలకిందులు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా కూలి. పది దోమలు కడుపు నిండా తాగాయి. పదణాలు. చెయ్యి కదపకూడదు, గోక్కోకూడదు, కొట్టకూడదు. జ్వరంతో ఉన్నవాడికి అది ఎంత కష్టమో, చెవి దగ్గర ఒక్క దోమ మోగితేనే లేచి కూర్చునే మనం ఊహించగలం.

తర్వాత చేయాల్సింది ఎదురుచూడటమే. కొన్ని దోమలు వాటంతట అవే చచ్చాయి, కొన్నిటిని కోశారు. ఏమీ కనబడలేదు. 20వ తేదీ మధ్యాహ్నానికి రెండే మిగిలాయి. ఒకటి బల్ల మీద, ఒకటి సీసాలో.

బల్ల మీదిది ఆయన అంకెలు వేసుకున్న దోమల్లో 38వది. సూది మొనతో పొట్ట బయటికి తీశారు. అప్పటికే కళ్లు లాగుతున్నాయి. ఇంత వెతికినా లేనిది ఇందులో మాత్రం ఏముంటుంది అని ఎవరికైనా అనిపించే వేళ. అయినా పొట్ట గోడ మొత్తం వెంట్రుకవాసి కూడా విడవకుండా చూసుకుంటూ పోయారు. ఆగారు. ఒక గుండ్రటి కణం. మిల్లీమీటరును నూరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కకు కాస్త పెద్దది. దోమ పొట్టలో ఉండవలసింది కాదు. దాని లోపల నల్లటి నలుసులు. మలేరియా రోగి నెత్తుట్లో కనబడే నలుపే అది.

బొమ్మ గీసుకున్నారు. కొలత రాసుకున్నారు. ఇంటికి పోయి, టీ తాగి, గంటసేపు హాయిగా నిద్రపోయారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ నిద్రే. పనిచేసినవాడికే పట్టే నిద్ర అది.

మర్నాడు ఆఖరి దోమ. అందులోనూ అవే కణాలు, కానీ నిన్నటికన్నా పెద్దవి. పెరుగుతున్నాయి. అంటే మనిషి నుంచి వచ్చిన క్రిమి దోమ కడుపులో బతికే ఉంది.

మిగతా కథ తొందరగా చెప్పేస్తాను. సెప్టెంబరులో ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వాడకు బదిలీ చేశారు, చేతిలో పని సగంలో ఉండగానే! డిసెంబరులో ఇక్కడి సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరి, కాటుతో మళ్లీ ఒంట్లోకి వెళ్తుందని రుజువు చేశారు. అదే ఏడాది ఇటలీ వాళ్లు మనిషి మలేరియాలో ఆ దారంతా చూపించారు. ఘనత ఎవరిదని రాస్‌కూ వాళ్లకూ పెద్ద తగవు. 1902లో నోబెల్ మాత్రం రాస్‌కే వచ్చింది. ఆగస్టు 20ని లోకమంతా దోమల దినం అంటోంది.

ఇక మన కాలానికి రండి. ఈ కట్టడం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. వారసత్వ కట్టడం. 1997లో నూరేళ్ల పండగ నాటికి మరమ్మతులు చేయించారు. కూలగొట్టి అంతస్తులు లేపకుండా, ఇంత చిన్న పాత ఆసుపత్రిని ఉన్న రూపంలోనే ఉంచడం మంచి పని. కానీ నాకొక కోరిక ఉంది. రోడ్డు రాస్ పేరున ఉంది, ఈ కట్టడంలోని సంస్థ రాస్ పేరున ఉంది, ఉండాల్సిందే. ఈ గదిలో ఒక మూల ఒక నులక మంచం వేసి, దోమతెర కట్టి, హుసేన్ ఖాన్ పేరు కూడా రాయాలి. పక్కన గాజు పెట్టెలో పది అణా బిళ్లలు పెట్టాలి. ఈరోజు పాడేరు మన్యంలో ఆశా కార్యకర్త ఒక పిల్లవాడి వేలికి సూది గుచ్చి, పావుగంటలో మలేరియా ఉందో లేదో చెబుతోంది. ఆ నెత్తుటి బొట్టుకు పెద్దన్న హుసేన్ ఖాన్ నెత్తురే.

ఈ మాటే బయట ఆటో అతనికి చెప్పాను. అతను పగలబడి నవ్వాడు.

"పది దోమలకు పదణాలిచ్చిండా? మా గల్లీకి రమ్మనకపోయిన్రా సార్! కుట్టిచ్చుకునేటోళ్లు ఫుకట్‌ల దొరుకుతుండె."