జ్వరం తగ్గి నెలలైనా నీరసం వదలట్లేదా? దిగులు కూడా తోడైతే తేలిగ్గా తీసుకోవద్దు!

వైరల్ జ్వరం తగ్గాక చాలామంది వారం, పది రోజుల్లో మామూలైపోతారు. కొందరికి మాత్రం నెలలు గడిచినా ఒంట్లో సత్తువ ఉండదు. రిపోర్టులు చూస్తే అన్నీ నార్మల్. ఇంట్లోవాళ్లేమో ‘ఏం లేదు, అంతా నీ అనుమానమే’ అంటారు. కానీ ఆ నీరసం నిజం. దాంతోపాటు వచ్చే దిగులు కూడా నిజమే. రెండింటికీ వైద్యం అవసరం.

లాంగ్ కొవిడ్ అంటే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో దీనికి నిర్వచనం ఇచ్చింది. సాధారణంగా కొవిడ్ సోకిన 3 నెలలకు కూడా లక్షణాలు కనిపిస్తూ, అవి కనీసం 2 నెలలు కొనసాగి, వేరే జబ్బేదీ కారణం కాకపోతే అది లాంగ్ కొవిడ్. అలసట, ఆయాసం, మతిమరుపు, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం ఇందులో ముఖ్యమైనవి.

మనసుపై ఎంత ప్రభావం?

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు కొవిడ్ వచ్చిన 2.36 లక్షల మందికి పైగా హెల్త్ రికార్డులు పరిశీలించారు. వీరిలో ఎక్కువమంది అమెరికన్లు. 6 నెలల్లోపు సుమారు 34 శాతం మందిలో నరాల లేదా మానసిక సమస్య నమోదైంది. ఆందోళన 17 శాతం మందిలో, డిప్రెషన్ లాంటి మూడ్ సమస్యలు 14 శాతం మందిలో కనిపించాయి. వీరిలో అంతకుముందే ఆ సమస్యలు ఉన్నవారూ ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో ఈ వివరాలు వచ్చాయి.

చికున్‌గున్యాతోనూ ఇదే ఇబ్బంది

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో పాటు పలు రాష్ట్రాలను వణికించిన జ్వరం ఇది. ఆ ఏడాది దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు వచ్చాయి. జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పులు కొందరిని నెలల తరబడి వేధిస్తాయి. నొప్పితో నిద్ర ఉండదు, పనికి వెళ్లలేరు, కూలి పోతుంది. అక్కడి నుంచే దిగులు మొదలవుతుంది.

నీరసమా? డిప్రెషనా?

* పని చేయాలని ఉన్నా ఒళ్లు సహకరించకపోవడం, కాస్త శ్రమ పడితే మర్నాటికి ఇంకా నీరసించిపోవడం వైరల్ జ్వరం తర్వాత వచ్చే అలసటలో ఎక్కువ.
* ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోవడం, ‘నేను దేనికీ పనికిరాను’ అనిపించడం డిప్రెషన్ సూచనలు. 2 వారాలు దాటితే డాక్టర్‌ను కలవాలి.
* రెండూ కలిసి కూడా రావచ్చు.

ఏం చేయాలి?

* ముందు రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.
* ఒంట్లో బాగున్న రోజు పనులన్నీ ఒకేసారి మీదేసుకోవద్దు. కొంచెం పని, కొంచెం విశ్రాంతి.. ఇలా విడగొట్టుకోండి.
* నిద్రమాత్రలు, స్టెరాయిడ్లు సొంతంగా వాడొద్దు.
* ఇంట్లోవాళ్లు ‘బద్ధకం’ అని తీసిపారేయకుండా, ఆస్పత్రికి తోడుగా వెళ్లండి.

ఎవరికి ఫోన్ చేయాలి?

కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ హెల్ప్‌లైన్ 14416. 2022 అక్టోబర్‌లో ప్రారంభమైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా కాల్ చేయండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.)