శాసన తిథి నుంచి కంప్యూటర్ తేదీ వరకు: ఓరుగల్లు ప్రాంత కాలగణన, అంకెల రూపాల పరిశీలన

కాకతీయుల శాసనాలను కంప్యూటర్‌లో పట్టికగా కూర్చే క్రమంలో ఈ వ్యాసకర్త ఒక గడిలో శాసనపాఠపు పంక్తుల సంఖ్యను '5/6' అని నమోదు చేయగా, అది మరుక్షణమే జూన్ 5గా మారిపోయింది. అమెరికా ప్రాంత అమరిక ఉన్న మరొక యంత్రంలో అదే టైపుచేస్తే మే 6 అయింది. పంక్తుల సంఖ్య మాత్రం రెండింటిలోనూ మిగల్లేదు. ప్రాంతీయ అమరిక కేవలం కంటికి కనిపించే రూపానికి సంబంధించినదనీ, లోపలి విషయాన్ని అది తాకదనీ సాధారణంగా భావిస్తాం. వరంగల్ ప్రాంతపు ఆధారాలతో పనిచేసేవారికి ఆ భావన ఎంతవరకు చెల్లుతుందో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1882లో జె.ఎఫ్. ఫ్లీట్ దీన్ని ఇండియన్ ఆంటిక్వరీలో ప్రకటించారు. శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం అని అందులో కాలనిర్దేశం ఉంది. వడ్డవారమంటే శనివారం. ఇది క్రీ.శ. 1163 జనవరి 19కి సరిపోతుంది. జూలియన్ లెక్కలో ఆ రోజు శనివారమే. ఈ నిర్దేశంలో శకాంకం, అరవై ఏళ్ళ చక్రంలోని పేరు, మాసం, పక్షం, తిథి, వారం అనే ఆరు అంగాలు ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి. ఒక అంకె చెరిగినా మిగిలినవాటితో దాన్ని పూరించుకోవచ్చు. కంప్యూటర్ తేదీకి ఇటువంటి అంతర్గత సాక్ష్యం లేదు. అంతేకాదు, ఎక్సెల్‌లో తేదీల లెక్క 1900 జనవరి 1తో మొదలవుతుంది. అంతకు ముందువన్నీ దానికి ఉత్త అక్షరాలే. కాబట్టి కాకతీయుల కాలమంతా ఆ గణనకు వెలుపలే ఉండిపోతుంది.

శక పంచాంగం కంప్యూటర్‌లో ఉంది కదా అన్న సందేహం రావచ్చు. ఉన్న మాట నిజమే. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం సిఫారసు మేరకు 1957 మార్చి 22న, అంటే శక 1879 చైత్రం 1న, అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగమది. అందులో శుద్ధ, బహుళ పక్షాలు లేవు. మాసాలన్నీ సౌరమానంతో స్థిరపడ్డాయి. రుద్రదేవుని శాసన దినాన్ని గ్రెగోరియన్ లెక్కకు మార్చి (అది జనవరి 26 అవుతుంది) జాతీయ పంచాంగంలో చూస్తే మాఘం 6, శక 1084 అని వస్తుంది. శకాంకం ఒక్కటే, మాసం పేరు ఒక్కటే. దినసంఖ్య మాత్రం వేరు. పేర్లు కలవడం వల్లనే ఇక్కడ పొరపాటు కంటపడదు. పూర్తిగా వేరే పేరు వచ్చి ఉంటే ఎవరైనా ఆగి చూసేవారు.

దినారంభం సంగతి కూడా ఇక్కడ గమనించాలి. మన పంచాంగానికి దినం సూర్యోదయంతో మొదలవుతుంది. అరవై ఘడియలుగా విభాగం పొందుతుంది. యంత్రానికి అర్ధరాత్రే హద్దు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు జరిగిన గ్రహణకాల దానం ఏ తేదీకి చెందుతుందన్న ప్రశ్నకు రెండు పద్ధతులూ రెండు జవాబులిస్తాయి.

ఫసలీ దగ్గరికి వస్తే చిక్కు మరింత లోతైనది. నిజాం రాష్ట్రంలో పాలనావ్యవహారాలు ఫసలీ సంవత్సరంలో నడిచాయి. ఆజూర్, దై, బహమన్ మొదలుగా ఆబాన్ వరకు పన్నెండు మాసాలు. అక్టోబరు తొలివారంలో వత్సరారంభం. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు చట్టం ఆ సంఖ్యను నేటికీ తన పేరులోనే మోస్తూ తెలంగాణలో కొనసాగుతోంది. అయితే నేటి రెవెన్యూ ఫసలీ జూలై 1న ప్రారంభమవుతుంది. 1949 ఆగస్టు 15 నాటి జాగీర్ల రద్దు శాసనాన్ని 1358 ఫసలీగానే ఉదాహరిస్తాం. జూలై లెక్కను వెనక్కి వర్తింపజేస్తే అదే రోజు 1359లో పడుతుంది. పాత దస్తావేజులను పట్టికలోకి ఎక్కించేటప్పుడు 590 కలపాలన్న ఒకే సూత్రాన్ని అన్నిటికీ వాడితే భూమి హక్కుల క్రమమే ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. ఫసలీ కంప్యూటర్ పంచాంగాల జాబితాలో లేదు. పారశీక పంచాంగం ఉంది. అందులోనూ ఆజర్, దే, బహ్మన్ అన్న పేర్లే కనిపిస్తాయి. కాని అక్కడ సంవత్సరం మార్చిలో ఫర్వర్దీన్‌తో మొదలవుతుంది. ఆజర్ నవంబరు చివర వస్తుంది. పేరు చూసి దాన్ని ఎంచుకుంటే మాసం కూడా తప్పుతుంది.

అంకెల విషయంలో నష్టం ఇంత తీవ్రం కాదు. తెలుగు ప్రాంత అమరిక సంఖ్యలను 12,34,567 అని లక్షల పద్ధతిలోనే విడదీస్తుంది. ఇది మన లెక్కకు అనుగుణం. అంకెల రూపాలు మాత్రం డిఫాల్టుగా అంతర్జాతీయమైనవి. ౦ నుంచి ౯ వరకు ఉన్న తెలుగు అంకెలను కోరి ఎంచుకోవాలి. కేంద్రప్రభుత్వ వ్యవహారాలకు రాజ్యాంగం 343వ అధికరణంలో అంతర్జాతీయ రూపాన్నే నిర్దేశించింది. అచ్చులోనూ ఆ రూపమే స్థిరపడింది. అందువల్ల ఈ ఎంపికను తప్పుపట్టనవసరం లేదు. అక్షరాన్ని అక్షరంతో పోల్చే శోధనలో మాత్రం '౧౯౫౬' అని ఉన్న పుట '1956' అని వెతికేవారికి దొరకదు. భిన్నాల సంగతి వేరు. కాలు, అర, ముప్పాతిక, వీసం వంటి వాటి గుర్తులకూ, తూము గుర్తుకూ 2008లో యూనికోడ్ 5.1 స్థానం కల్పించింది. చోటు దొరికింది గాని, వాటిని కూడి చూపే అమరిక సాధారణ పట్టికల్లో లేదు. యంత్రానికి అవి అంకెల బొమ్మలు మాత్రమే.

భూతసంఖ్యలకైతే ఆ మాత్రపు చోటు కూడా లేదు. 1084ను 'వేద గజ ఖ ఇందు' అని కూర్చితే వేదాలు 4, గజాలు 8, ఖం 0, ఇందువు 1. కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. ఈ కూర్పు వ్యాసకర్తది, వివరణార్థం మాత్రమే. పద్యంలో సంఖ్య ఛందస్సుకు లోబడి నడుస్తుంది. ఆ సంఖ్యను విప్పి అంకెగా రాసినవారు ఏ మాటను ఏ విలువకు తీసుకున్నారో పక్కనే రాయకపోతే తరువాతి పరిశోధకుడికి సరిచూసుకునే దారి మూసుకుపోతుంది.

ఈ కారణాల వల్ల ప్రస్తుత పట్టికలో తేదీకి ఒక గడి చాలదని నిర్ణయించవలసి వచ్చింది. మొదటి గడిలో శాసనపాఠంలోని కాలనిర్దేశం ఉన్నదున్నట్టు, అక్షరరూపంలో. గడి స్వరూపాన్ని ముందే 'టెక్స్ట్'గా మార్చి పెట్టాలి. రెండవ గడిలో పంచాంగం పేరు: శక చాంద్రమానమా, అక్టోబరు ఫసలీనా, జూలై ఫసలీనా. మూడవ గడిలో సంవత్సరం, నెల, రోజు అన్న ఐ.ఎస్.ఓ. 8601 వరుసలో మార్చిన తేదీ. దాని పక్కన అది జూలియనా, గ్రెగోరియనా అన్న సూచన. నాలుగవ గడిలో మార్పు చేసినవారి ఆధారం. హనుమకొండ శాసనానికి మూడవ గడిలో 1163-01-19, జూలియన్ అని ఉంటుంది. వడ్డవారం మొదటి గడిలోనే ఉంటుంది, శనివారంగా మారకుండా.