అప్పు తీరే దారి: మదీనా మస్జిదు నుండి మానుకోట దాకా

సమస్త స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ఒకనాడు మదీనాలోని ప్రవక్త మస్జిదులో ఇద్దరు సహాబీల గొంతులు పెరిగాయి. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీ గురించి ఇబ్ను అబీ హద్రద్ (రజి)ను నిలదీశారు. ఆ మాటలు దైవప్రవక్త (స) గదిలోకి వినిపించాయి. వారు తెర తొలగించి బయటికి వచ్చి, సగం వదులుకొమ్మని కఅబ్‌కు చేతితో సైగ చేశారు. కఅబ్ వెంటనే అంగీకరించారు. అప్పుడు ప్రవక్త (స) బాకీదారు వైపు తిరిగి, లేచి మిగిలినది చెల్లించమని ఆదేశించారు. బుఖారీ గ్రంథంలో నమోదైన ఈ సంఘటన రాజీకి ఒక నమూనా. ఇచ్చినవాడు కొంత వదిలాడు. తీసుకున్నవాడు మిగిలినది తీర్చాడు. భారం ఒక్కరి మీదనే పడలేదు.

మరొక సంఘటన మన రైతులకు మరింత దగ్గరిది. ఒక వ్యక్తి పండ్ల పంట కొన్నాడు. పంటకు ఆపద వచ్చి అప్పులపాలయ్యాడు. అతనికి దానం చేయమని ప్రవక్త (స) ప్రజలను కోరారు. ప్రజలు ఇచ్చారు గాని అది అప్పుకు చాలలేదు. అప్పుడు ప్రవక్త (స) బాకీ ఇచ్చినవారిని పిలిచి, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని తేల్చి చెప్పారు. ఇది ముస్లిం గ్రంథంలో ఉన్నది. మొదట సమాజం ఆదుకోవాలి, ఆ తరువాత ఉన్నంతలో పంపిణీ జరగాలి, ఆపైన మనిషిని వేధించరాదు అన్న వరుస ఇందులో స్పష్టం.

హిజ్రీ 10వ సంవత్సరంలో, అంతిమ హజ్ ప్రసంగంలో, అజ్ఞాన కాలపు వడ్డీలన్నింటినీ ప్రవక్త (స) రద్దు చేశారు. మొట్టమొదట రద్దయినది ఎవరి వడ్డీ? తమ సొంత పినతండ్రి అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీ! సంస్కరణ తమ ఇంటి నుండే మొదలైంది. అయితే అసలు మీద హక్కును ఖుర్ఆన్ కాదనలేదు. బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగే వరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే అది ఇంకా మేలని బఖరా సూరా 280వ ఆయతు సారాంశం. జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులలో మునిగినవారిని తౌబా సూరా 60వ ఆయతు చేర్చింది.

సోదరులారా! ఇక మన నేల చరిత్ర చూద్దాం. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి గాని, ఈ పల్లెల అప్పుల కథ చాలా పాతది. నిజాం పాలనలో తిండిగింజలు అయిపోయిన పేదవాడు దొర గడీ నుండి నాగు తెచ్చుకునేవాడు. పంట చేతికి రాగానే పుట్టికి పుట్టిన్నర కొలిచి ఇవ్వాలి. కొలవలేనివాడు జీతానికి కుదిరేవాడు. ఆ జీతగాడినే భగేలా అన్నారు. పెండ్లికో చావుకో తెచ్చిన చిన్న మొత్తం తండ్రి మీద నుండి కొడుకు మీదికి దిగేది. చదువురాని మనిషికి తన ఖాతాలో ఏమి రాశారో తెలిసే దారి లేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1930లలో రైతుల అప్పులపై విచారణలు జరిగాయి. ఫస్లీ 1349లో, అంటే 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. భగేలా ఒప్పందాలపైనా చట్టం వచ్చింది. అయినా ఆ కాగితం గడీ గుమ్మం దాటి లోపలికి పోలేదు. దొరే అప్పు ఇచ్చేవాడు, దొర మనుషులే పటేలు, పట్వారీలు అయినప్పుడు పేదవాడు ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి? పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన న్యాయం దానంతట అది పేదవాని గడపకు చేరలేదు. ఈ నిజాన్ని మనం దాచుకోరాదు. జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య ముస్లిం రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టులో గెలిచాడు. ఆ గెలుపును అనుభవించకముందే హతుడయ్యాడు. 1946 జూలై 4న పక్కనే ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. బందగీది భూమి వ్యాజ్యమే గాని, అప్పులవారికీ అందులో పాఠం ఉన్నది: బలవంతుని ముందు ఒంటరిగా నిలిచినవానికి తీర్పు ఒక్కటే చాలదు, వెనుక జనం ఉండాలి.

స్వతంత్ర భారతంలో 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం భగేలా, జీతం, పాలేరు, వెట్టి అనే పేర్లను పేర్కొంటూ ఆ బాకీలను చెల్లనివిగా ప్రకటించింది. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవారు ప్రైవేటు వ్యక్తులకు పడిన బాకీల నుండి విముక్తి కల్పించింది. అయినా 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి చేలను పురుగు తినేసినప్పుడు, విత్తనాలు, మందులు అప్పుగా ఇచ్చిన వ్యాపారికి ముఖం చూపలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2010లో సూక్ష్మ రుణాల వసూళ్ల వేధింపులపై ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు ఇచ్చేవాని రూపం మారింది, అప్పు తెచ్చేవాని భయం మారలేదు.

మరి నేడు తీర్చలేనివాడు ఏమి చేయాలి? మొదట ఎవరికి ఎంత, అసలు ఎంత, వడ్డీ ఎంత అని కాగితం మీద రాయాలి. బఖరా సూరా 282వ ఆయతు అప్పును రాసుకొమ్మనే బోధిస్తుంది. పారిపోక ముందే ఎదుటివానితో మాట్లాడాలి. బ్యాంకులో ఒకేసారి చెల్లించే రాజీకి అడగవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు పోవచ్చు. కేసు వేయకముందే వెళ్లే వీలుంది, అక్కడ ఫీజు లేదు. ఇరుపక్షాలు ఒప్పుకుంటేనే అక్కడ రాజీ కుదురుతుంది. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కాబట్టి కట్టలేని కిస్తీకి సంతకం పెట్టకండి. ప్రైవేటు అప్పుల బాధితుల కోసం తెలంగాణలో 2016 నాటి రుణ విమోచన కమిషన్ చట్టం ఉన్నది. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. బాకీ తీరిన రోజునే రసీదు, ప్రామిసరీ నోటు, ఇచ్చిన ఖాళీ చెక్కులు తిరిగి తీసుకోండి.

ఒక హెచ్చరిక కూడా వినండి. నోటుకు మూడేళ్ల కాలపరిమితి దాటిందని, ఐపీ పెట్టామని కొందరు నిశ్చింతగా ఉంటారు. కోర్టులో గడువు తీరవచ్చు, అల్లాహ్ సన్నిధిలో తీరదు. ఉండి కూడా ఎగవేసేవానిది దౌర్జన్యమని ప్రవక్త (స) బోధించారు. లేనివాడు వేరు, దాచినవాడు వేరు. మన హనఫీ న్యాయవేత్తలు కూడా ఈ భేదం పాటించారు: ఎగవేతదారుని ఖాజీ నిర్బంధించవచ్చు, లేమి రుజువైనవానిని విడిచిపెట్టాలి.

అప్పు ఇచ్చిన సోదరులారా! పేదవాని బాకీ మాఫీ చేసి దానిని మీ దగ్గరున్న సొమ్ము జకాతు కింద లెక్కగడితే హనఫీ మతం ప్రకారం అది నెరవేరదు. జకాతు అతని చేతికి ఇవ్వండి. అతను దానితో మీ బాకీ తీర్చవచ్చు. మస్జిదు కమిటీలకు నా విన్నపం: జకాతులో ఒక భాగం బాకీదారుల కోసం కేటాయించండి. పెద్దమనుషులు ఇద్దరు కూర్చుని రాజీ కుదర్చండి. అడిగినవాని పేరు బయటికి రానివ్వకండి. బాకీతో చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు తాము చేయించడానికి ప్రవక్త (స) వెనుకాడినప్పుడు, అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి జామీను నిలిచారు. ఆ తరువాతనే నమాజు జరిగింది. నేడు మన మహల్లాలో అబూ ఖతాదా ఎవరు?

అల్లాహ్ మనలను అప్పు భారం నుండి, మనుషుల ఒత్తిడి నుండి కాపాడుగాక! ఉన్నవారికి వదులుకునే మనసును, లేనివారికి తీర్చే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.