నంబరు దొరికింది, ఇంటిపేరు దొరకలేదు

దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి అనేవి ఇంటిపేర్లు. బడిలో, బ్యాంకులో, ఓటరు జాబితాలో అవే ఉంటాయి. అసలు ఇంటిపేరు కొన్ని కుటుంబాలు నోటిమాటగా కాపాడుకుని పెళ్లిళ్లలో చెప్పుకుంటాయి. చాలా ఇళ్లలో అది ముత్తాతతోనే పోయింది. డర్బన్‌లో మా పొరుగున ఉన్న పెద్దాయనది అలాంటి ఇల్లే. ఆయన తాతతండ్రుల కోసం వెతుకుతుంటే తోడు వెళ్లాను. ఈ దేశ చరిత్ర నాకు ఆ కాగితాల్లోనే అర్థమైంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. డర్బన్ ఉన్న నేటాల్ అప్పుడు ఆంగ్లేయుల వలస రాజ్యం. సొంత భూమి, పశువులు ఉన్న స్థానిక జూలూలు చెరకు తోటల్లో కూలికి రాలేదు. దాంతో తోటల యజమానులు ఒప్పందపు కూలీల కోసం ఇండియా వైపు చూశారు. 1911లో ఈ రవాణా ఆగేదాకా సుమారు 1,52,000 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. గాంధీ 1893లో డర్బన్‌లో దిగేనాటికి మనవాళ్లు వచ్చి దాదాపు 33 ఏళ్లు.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు. తోట దాటి అడుగు పెట్టాలంటే చీటీ ఉండాలి. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. వలస కూలీల వ్యవహారాలు చూసే ‘ప్రొటెక్టర్’ కచేరీలో పెళ్లి నమోదైనా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా ఆ నంబరు వెంట వచ్చేది.

అందుకే వెతకడం ఓడ దగ్గర మొదలుపెట్టకూడదు, చావు దగ్గర మొదలుపెట్టాలి. పోయినవారి ఆస్తి పత్రాల్లో భార్యాబిడ్డల పేర్లు, ఒక్కోసారి తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. అక్కణ్ణుంచి పెళ్లి నమోదుకు, దాని మీది నంబరు పట్టుకుని ఓడ జాబితాకు వెళ్లాలి. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒప్పందం తీరినప్పటి విడుదల పత్రం ఉంటే సగం పని అయినట్టే. కానీ 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద భారతీయ కుటుంబాలను ఉన్నచోటి నుంచి లేపి చాట్స్‌వర్త్ లాంటి కొత్త కాలనీలకు తరలించినప్పుడు ఎన్ని పెట్టెలు పోయాయో! మా పెద్దాయన ఇంట మిగిలింది ఒక్క విడుదల పత్రమే.

దాని మీది నంబరుతో ఓడ జాబితాలో ఆయన ముత్తాత దొరికాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. అంతే. ఇంటిపేరుకు గడి లేదు. ఫొటో లేదు. ఎడమ మోచేతి మీద మచ్చ ఉందన్న ఒక్క ముక్కే ఆ కుటుంబానికి మిగిలిన రూపం. పెద్దాయన ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

కాగితాలు చదవడానికి చట్టాలూ తెలియాలి. ఆ ముత్తాత రెండోసారి ఒప్పందానికి వేలిముద్ర వేశాడు. తోట మీది ఇష్టంతో వేశాడని ఇంట్లో అనుకునేవారు. కానీ 1895 చట్టం ప్రకారం ఆ తర్వాత వచ్చిన కూలీ ఒప్పందం తీరాక మళ్లీ ఒప్పందానికి ఒప్పుకోకుండా ఇక్కడే ఉండిపోతే ఏటా మూడు పౌన్లు కట్టాలి. అంటే మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల సంపాదన! వేలమంది 1913లో పని మానేసి సమ్మె చేస్తేగాని ఆ పన్ను 1914లో రద్దు కాలేదు. ఆ రెండో వేలిముద్ర ఇష్టంతో వేసింది కాదని నా గట్టి నమ్మకం.

ఇక జిల్లా గడిలో ‘గంజాం’ అని ఉంది. దాన్ని చూసి ఆయన పిల్లలు ఒడిశాలో ఊరు వెతికారు. తాలూకా గడి చూస్తే ‘చికకోల్’. అంటే మన శ్రీకాకుళం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలోనే ఉండేది. ఉత్తర ఆర్కాటు అని ఉన్న కుటుంబాలదీ ఇదే చిక్కు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా ఆ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటే. ఆ సంగతి తెలియక ఎందరో వేలూరు చుట్టుపక్కల ఊళ్లు గాలిస్తున్నారు.

రంగం (రంగూన్) వెళ్లినవాళ్ల కథలు ఉత్తరాంధ్రలో ఇంకా చెప్పుకుంటారు. నేటాల్ వెళ్లి తిరిగిరాని మనిషి ఊసు మీ ఇళ్లలో ఉంటే, తండ్రి పేరు, ఊరు పేరు రాసి పంపండి. ఇక్కడి గుమాస్తాలు వినబడినట్టు ఇంగ్లీషులో రాసిన ఊరి పేర్లను ఊళ్లో పుట్టినవారే పోల్చగలరు. ఇంటిపేరు కూడా వాళ్లే చెప్పగలరు.